కంటబడింది రాయాలా? వద్దా?

ఇళ్లకీ స్థలాలకీ విలువ కట్టడం నా వృత్తి. ఎవరైనా ఇంటిమీద లోను అడిగితే, ఆ ఇల్లు ఎంత చేస్తుందో చూసి రాసివ్వమని బ్యాంకువాళ్లు నాలాంటి వాళ్లని పంపుతారు. టేపు, కెమెరా, దస్తావేజుల జిరాక్సులు... ఇదే మా సరంజామా. 'ఆడమనిషివి, ఊళ్లు పట్టుకు తిరగడం ఎందుకమ్మా' అన్నవాళ్లున్నారు. నిజానికి ఈ పనిలో ఆడవాళ్లకో సౌకర్యం ఉంది. వంటింటి దాకా రానిస్తారు. అన్నీ కనబడతాయి. చిక్కల్లా అక్కడే!

2019లో ఓ ఇల్లు చూడ్డానికి ఉదయగిరి వెళ్లాను. నెల్లూరులో పొద్దున్నే బయల్దేరి, ఆత్మకూరులో బస్సు మారి, కొండ కింద దిగేసరికి పదకొండయింది. ఇల్లు భార్య పేరన ఉంది. లోనుకి దరఖాస్తు పెట్టిందీ ఆమే. మాట్లాడేదంతా మాత్రం భర్త. గదులు కొలిచాను, మిద్దె ఎక్కి చూశాను. పెరట్లో రేకుల షెడ్డు ఒకటి. ప్లానులో లేదు, తాళం వేసి ఉంది. "అది లెక్కలోకి రాదులేమ్మా, చూడబళ్లేదు" అన్నాడాయన. బయటి కొలతైనా వెయ్యాలి గదా అని పక్కకి వెళితే, రేకు సందులోంచి కనబడ్డాయి. బెరడు చెక్కేసిన దుంగలు. ఎర్రగా ఉన్నాయి. పాతిక దాకా ఉంటాయేమో.

ఉదయగిరిలో ఇంట్లో కర్ర కనబడితే వింతేం కాదు. నర్ది, బిక్కి లాంటి కర్రలతో చెంచాలూ గరిటెలూ చెక్కే కుటుంబాలున్న ఊరది. కానీ చెంచాలకి అంతేసి దుంగలెందుకు? ఎర్రచందనం మన తూర్పు కనుమల దక్షిణ కొండల్లోనే సహజంగా పెరుగుతుంది. దాని ఎగుమతుల మీద 1995 నుంచి అంతర్జాతీయ ఒప్పందం కింద ఆంక్షలున్నాయి. 2016లో రాష్ట్ర అటవీ చట్టాన్ని సవరించి శిక్షలూ పెంచారు. అయితే సొంత పట్టా భూమిలో పెంచుకున్నవాళ్లూ ఉంటారు. అటవీ శాఖ అనుమతి తీసుకుని ఆ చెట్లు కొట్టుకోవచ్చు, తరలించుకోవచ్చు. అంచేత చూడగానే దొంగసరుకనడానికి లేదు.

"వీటికి కాగితాలున్నాయా?" అని అడిగాను.

"ఇల్లు చూడ్డానికొచ్చినారు, ఇల్లు చూసుకోని పోండమ్మా" అన్నాడు నవ్వుతూనే. వచ్చేటప్పుడు చెక్క చెంచాల పొట్లం చేతిలో పెట్టబోయాడు. అడుగున కవరు! తీసుకోలేదు. (చెంచాలు మాత్రం ఆనక బజారులో డబ్బిచ్చి కొనుక్కున్నాననుకోండి.)

ఆమె వీధి గుమ్మం దాకా వచ్చింది. "రాస్తావా అక్కా?" అంది మెల్లగా. "పాప కాలేజీ ఫీజుకే ఈ లోను." నాకు జవాబు దొరకలేదు.

తిరుగు ప్రయాణంలో ఆత్మకూరులో దిగిపోయాను. నాకు పని నేర్పిన రిటైర్డు ఇంజినీరుగారు అక్కడే ఉంటారు. అంతా విని, "దొంగ దుంగలని రాయబాకు. అది నీకు తెలీదు. తాళమేసిన షెడ్డు, ఫలానా కొలత, లోపల ఎర్రటి దుంగలు, కాగితాలు అడిగితే చూపలేదు. చూసింది రాయి, చాలు" అన్నారు. తర్వాత తన సంగతి చెప్పారు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కలే ఓ భూమికి విలువ కట్టారట. అది పేదలకి ప్రభుత్వమిచ్చిన భూమి అని పాత రికార్డు చూస్తే తెలుస్తూనే ఉంది. అలాంటివి అమ్మడం, కొనడం 1977 చట్టం ప్రకారం అప్పట్లో నిషేధం. 'నన్ను అడిగింది విలువ, హక్కు కాదు గదా' అని ఊరుకున్నారు. కొన్నాళ్లకి ఆ కొనుగోలు చెల్లదని తేలింది. అడ్వాన్సు కోసం నగలు తాకట్టు పెట్టిన ఇల్లాలు వచ్చి ఈయన అరుగు మీద కూర్చుందట. "తిట్టలేదమ్మా. తిట్టినా బాగుండు" అన్నారు.

ఆయన చెప్పినట్టే రాసి ఇచ్చాను. రెండు రోజులకి బ్యాంకు నుంచి ఫోను. "షెడ్డు ఎటూ విలువలో కలపలేదుగా మేడమ్, ఆ పేరా తీసేయండి." తీసేస్తే నా సంతకం ఉండదన్నాను. ఆ తర్వాత ఏడాది పాటు ఆ శాఖ నుంచి నాకు పని రాలేదు.

ఇక అసలు ప్రశ్న. బ్యాంకుకి చెప్పాను సరే, అటవీ శాఖకి కూడా చెప్పాలా? రిజిస్టర్డ్ వాల్యూయర్ల కోసం 2017లో వచ్చిన నిబంధనల్లో ప్రవర్తనా నియమావళి ఉంది. వృత్తిలో తెలిసిన సంగతులు అనుమతి లేకుండా బయటపెట్టకూడదంటుంది. చట్టరీత్యా గానీ వృత్తిరీత్యా గానీ చెప్పే హక్కో బాధ్యతో ఉంటే తప్ప, అని కూడా అంటుంది. హత్య, దోపిడీ వంటి కొన్ని నేరాల గురించి తెలిస్తే ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలని అప్పటి సీఆర్‌పీసీ 39వ సెక్షన్ చెప్పేది. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 33వ సెక్షన్. ఆ జాబితాలో అటవీ నేరాలు లేవు. అంటే చెప్పకపోతే నన్ను ఆ సెక్షన్ కింద పట్టుకునేవాళ్లు లేరు. నా భయాలు నాకున్నాయి. ఒంటరిగా ఊళ్లు తిరిగేదాన్ని. కేసయితే ముందు నిలదీసేది ఇల్లు ఎవరి పేరనుందో ఆమెనే గదా అన్నది ఇంకో భయం. మరోపక్క, 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో చనిపోయిన 20 మంది గుర్తొచ్చేవారు. తమిళనాడు నుంచి వచ్చిన మనుషులు వాళ్లు. ఈ సరుకు చుట్టూ పోయేవి చెట్లు మాత్రమే కాదు.

ఇలా తర్జనభర్జనలోనే ఎనిమిది రోజులు గడిపేశాను. చివరికి బ్యాంకు కాగితాలేవీ జతచేయకుండా, నా కళ్లతో చూసింది మాత్రం ఒక పేజీలో రాసి అటవీ శాఖవాళ్లకి ఇచ్చాను. వాళ్లు వెళ్లేసరికి షెడ్డు ఖాళీ. కడిగి, ముగ్గేసి ఉందట. లోను దరఖాస్తునీ అప్పటికే వెనక్కి తీసుకున్నారు. రెండో రోజే రాసిచ్చి ఉంటే? ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

ఆర్నెల్ల తర్వాత ఓ సాయంత్రం ఫోను. ఆమే! తిడుతుందనుకున్నాను. "అక్కా, ఇల్లు నా పేరనే ఉంది గదా, నాకు తెలీకుండా దానిమీద ఇంకేమన్నా చేసినారేమో ఎట్టా తెలుస్తుంది?" అని అడిగింది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయించమన్నాను. దస్తావేజు నంబరు కావాలని చెబితే, "ఉండు, బీరువా తాళం ఆయన దగ్గరుంది" అంది.

మర్నాడు మళ్లీ చేసి నంబరు చదివింది.