టోలూకా గుడ్ల బుట్ట

శాన్‌ఫ్రాన్సిస్కోలోని డి యంగ్ మ్యూజియంలో టవరు కింది హాల్లోకి అడుగు పెట్టగానే ముందు నీడలు కనిపించాయి. గోడ నిండా సొరకాయ బుర్రల్లాంటి వల నీడలు. తలెత్తి చూస్తే, పైనుంచి వేలాడుతున్న తీగ ఆకారాలు. ఒక బుర్రలో ఇంకో బుర్ర, దాని కడుపులో చిన్న గుండు. దగ్గరికెళ్లి ఒక్క వరుస మీద చూపు నిలిపాను. "అమ్మా, ముట్టుకోకూడదు" అంటూ మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. అప్పటికే నా వేళ్లు గాల్లో అల్లుతున్నాయి.

మాది నరసాపురం పక్క పల్లెటూరు. పదేళ్లు నిండకముందే లేసు సూది పట్టాను. ఈ తీగ కుట్టు అచ్చంగా మాది కాదు గానీ, మా కుట్టుకి అక్కచెల్లెలు. కన్నులోంచి కన్ను లాగుతూ పోవడమే. అల్లేటప్పుడు మేం లెక్క పెట్టుకునేది గళ్లనే. ఒక్క గడి తప్పితే పువ్వు పాడైపోతుంది. ఖాళీ సరిగ్గా వస్తే దారం దానంతటదే సరిపోతుంది.

ఈ తీగ అల్లికలు రూత్ అసావావి. 1926లో కాలిఫోర్నియాలోని నార్వాక్‌లో పుట్టారు. అమ్మానాన్నలు జపాను నుంచి వలస వచ్చినవాళ్లు. అప్పటి చట్టం వాళ్లని భూమి కొననివ్వలేదు. కౌలు పొలంలోనే కూరగాయలు పండించి ఏడుగురు పిల్లల్ని పెంచారు. పొలం చదును చేయడానికి గుర్రం లాగే పలక వెనక రూత్ కూర్చుని, కాళ్లు వేలాడేసి, కాలి వేళ్లతో మట్టిలో మెలికలు గీసేవారట. ఒకచోట ఉబ్బి, ఒకచోట నడుములా సన్నబడే గీతలు. హాల్లో వేలాడుతున్నవి ఆ మెలికలే.

1942 ఫిబ్రవరిలో ఎఫ్‌బీఐ వాళ్లు తండ్రిని పట్టుకుపోయారు. జపానుతో యుద్ధం మొదలయ్యాక జపాను రక్తం ఉన్న దాదాపు 1,20,000 మందిని అమెరికా ప్రభుత్వం శిబిరాల్లో పెట్టింది. వాళ్లలో ఎక్కువమంది అమెరికాలోనే పుట్టిన పౌరులు. రూత్‌నీ, తల్లినీ, తోబుట్టువులనీ ముందు శాంటా అనీటా రేసుకోర్సులో గుర్రాల కొట్టంలో ఉంచారు. తర్వాత అర్కాన్సాలోని రోవర్ శిబిరానికి తరలించారు. ఆ కొట్టాల దగ్గరే, తమతోపాటు బందీలైన డిస్నీ చిత్రకారుల దగ్గర ఆమె బొమ్మలు గీయడం నేర్చుకున్నారు. బయటికొచ్చి టీచరు చదువు చదివితే, జపాను పిల్ల కాబట్టి బడిలో పాఠాలు చెప్పే శిక్షణ ఇవ్వలేమన్నారు. అలా డిగ్రీ చేజారింది. 1946లో బ్లాక్ మౌంటెన్ కాలేజీలో చేరారు. వస్తువుకీ వస్తువుకీ మధ్యనున్న జాగాని కూడా వస్తువంత శ్రద్ధగా చూడమని జోసెఫ్ ఆల్బర్స్ అక్కడ నేర్పారు.

ముళ్లకంచె వెనక పెరిగిన పిల్ల కాబట్టి తీగ పట్టిందని రాయడం తేలిక. కానీ ఈ అల్లిక ఆమెకి దొరికింది మెక్సికోలో. 1947లో టోలూకా వెళ్లినప్పుడు, అక్కడివాళ్లు గుడ్లు పెట్టుకునే తీగ బుట్ట చూసి, ఊరివాళ్ల దగ్గరే ఆ పని నేర్చుకున్నారు. మనిషికి చేతిపని ఎక్కడినుంచి అందిందో చెప్పకపోతే, నేర్పినవాళ్లకి అన్యాయం చేసినట్టే.

పని పద్ధతి చూస్తే ఎంతో మామూలు. కర్రపుల్ల చుట్టూ తీగ చుట్టి మొదటి వరుస కన్నులు తీస్తారు. ఆ తర్వాత ఒక్కో కన్నులోంచి ఇంకో కన్ను. కన్నులు పెంచితే ఆకారం ఉబ్బుతుంది, తగ్గిస్తే నడుము వస్తుంది. లోపలి బుర్ర అంచే మలుపు తిరిగి బయటి బుర్ర అవుతుంది. ఏది లోపలో ఏది బయటో చెప్పలేం. ఇనుము, రాగి, ఇత్తడి తీగలన్నీ వాడారు. ఆరుగురు పిల్లలు చుట్టూ ఆడుకుంటుంటే ఇంట్లోనే అల్లారు. ఇవి శిల్పాలు కావు, ఇంటి ఆడవాళ్ల చేతిపని అని అప్పట్లో కొందరు విమర్శకులు తీసిపారేశారు. ఆ మాట చదివినప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. ఇరవై ఏళ్లు అల్లింది, ఆ పనిని పని అని ఒక్కరూ అనలేదు. అసావా 2013లో పోయారు. 2025లో న్యూయార్క్‌లోని మోమా మ్యూజియం ఆమె పనినంతా ఒకచోట పేర్చి చూపింది.

1962లో ఎవరో ఎడారి మొక్క ఒకటి తెచ్చిస్తే అసావా దాని బొమ్మ గీయబోయారు. కొమ్మల చిక్కు కాగితం మీదికి రాలేదు. దాన్ని అర్థం చేసుకోవడానికి తీగల కట్టని మధ్యలో బిగించి, కొసల్ని చీలుస్తూ చీలుస్తూ పోయారు. అలా చేసిన తీగ చెట్లూ ఆ హాల్లో ఉన్నాయి. నా మనసు మాత్రం బుర్రల దగ్గరే ఉండిపోయింది.

మర్నాడు అల్లుడి చేత సన్న జీఐ తీగ చుట్ట తెప్పించుకుని, పెన్సిలు చుట్టూ మొదటి వరుస తీశాను. దారం అయితే తప్పు విప్పుకుని మళ్లీ అల్లుకోవచ్చు. తీగ ఒకసారి వంగిందంటే ఆ వంపు పోదు, మళ్లీ సాగదీసినా ముడత కనిపిస్తూనే ఉంటుంది. నాలుగో వరుసకి బొటనవేలి చర్మం లేచింది, ప్లాస్టరు చుట్టుకుని కూర్చున్నాను. సాయంత్రానికి గుప్పెడంత బుట్ట తయారైంది. మనవడు ఫ్రిజ్‌లోంచి గుడ్డు తెచ్చి మెల్లగా అందులో పెట్టాడు. పట్టింది.