నమూనాలో కులం, నియామకంలో మౌనం

బొగ్గుబెల్టులో ‘వారసత్వం’ అన్న మాటకు మొదటి అర్థం ఉద్యోగం. మందమర్రిలోనైనా గోదావరిఖనిలోనైనా, తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుకుకు దక్కే కొలువు అది. జన్యుశాస్త్రం చెప్పే వారసత్వం వేరు. దాన్ని చదివే విద్య బయోఇన్ఫర్మాటిక్స్. మెదడు వ్యాధుల పరిశోధనలో నేడు దాని పాత్ర కీలకమైనది. ఆ పరిశోధనలో కులం ఎక్కడ కనిపిస్తుంది, ఎక్కడ కనిపించకుండా పోతుంది అన్నది మన విశ్వవిద్యాలయాల్లో తగినంతగా చర్చకు రాని విషయం.

రోగి రక్తం నుంచి తీసిన డీఎన్ఏను సీక్వెన్సింగ్ యంత్రం కోట్లాది చిన్న ముక్కలుగా చదువుతుంది. ఆ ముక్కలను ప్రామాణిక జీనోముతో పోల్చి పేర్చడం, తేడాలను గుర్తించడం, ఏ తేడా మూర్ఛకో మతిమరుపుకో కారణమవుతుందో, ఏది నిరపాయకరమో తేల్చడం పోస్ట్‌డాక్టొరల్ పరిశోధకుల నిత్యకృత్యం. ఇందుకు తొలి కొలబద్ద ఒక ప్రశ్న: ఈ తేడా సాధారణ జనంలో ఎందరికి ఉంది? అంతర్జాతీయ జన్యు పట్టికల్లో అత్యధికులు యూరప్ సంతతివారు. మందమర్రి రోగిలో కనిపించిన మార్పును కంప్యూటరు ‘అరుదైనది’ అని చెబితే, అది నిజంగానే అరుదైనదా, లేక మనవాళ్లను ఎవరూ లెక్కించకపోవడమే కారణమా అన్నది తేలదు.

మనవాళ్లను లెక్కించబోతే వెంటనే ఎదురయ్యేది కులం. కులానికి మూలం అంతర్వివాహమేనని అంబేడ్కర్ 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయ సెమినార్‌లో సమర్పించిన పత్రంలో నిరూపించారు. ఆయన చేతిలో అప్పుడు ఉన్నది సామాజిక తర్కం మాత్రమే. 2009లో హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 25 సముదాయాలకు చెందిన 132 మంది జన్యువులను పరిశీలించి ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ఆ తర్కానికి జన్యు సాక్ష్యాన్ని జోడించింది. ఆంధ్రప్రదేశ్ వైశ్యుల్లో తరతరాల అంతర్వివాహపు ముద్ర బలంగా బయటపడింది. శస్త్రచికిత్సలో కండరాలను సడలించే ఒక మందును శరీరం విరగ్గొట్టలేని ఎంజైము లోపం ఆ సముదాయంలో ఎక్కువ. మెదడు విషయానికి వస్తే, శైశవంలోనే తల అసాధారణంగా పెరిగి మెదడులోని తెల్ల పదార్థం దెబ్బతినే ఒక వ్యాధి ఉత్తరాది అగర్వాల్ సముదాయంలో ఒకే జన్యుమార్పు వల్ల తరచుగా కనిపిస్తోంది. ‘రక్తశుద్ధి’ని కీర్తించేవారు చదవవలసిన అధ్యయనాలివి. దీని అర్థం కులం జీవశాస్త్ర వర్గమని కాదు. పెళ్లికి తలుపులు మూసిన చరిత్ర శరీరాల్లో మిగిల్చిన గుర్తు ఇది. అందులో ఎక్కువ తక్కువలు లేవు.

2020లో మొదలైన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 80కి పైగా సముదాయాల నుంచి పదివేల జీనోముల లక్ష్యంతో నమూనాలు సేకరించింది. దీన్ని సమన్వయపరచింది బెంగళూరులోని మెదడు పరిశోధన కేంద్రం, సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్. 2025 జనవరిలో ఆ దత్తాంశాన్ని ఫరీదాబాద్‌లోని జాతీయ భాండాగారం ద్వారా పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. అంటే రక్తం సేకరించేటప్పుడు కులం, తెగ శాస్త్రీయ ప్రమాణాలు. అందులో ఎవరికీ అభ్యంతరం లేదు, ఉండనవసరం లేదు కూడా.

అభ్యంతరమంతా నియామకాల దగ్గరే మొదలవుతుంది. కేంద్ర విద్యాసంస్థల అధ్యాపక నియామకాల్లో రిజర్వేషన్లకు 2019లో పార్లమెంటు చట్టం చేసింది. అదే చట్టం నాలుగో సెక్షను ‘ఉత్కృష్ట సంస్థల’ పేరుతో కొన్నింటిని మినహాయించింది. షెడ్యూలులోని ఆ ఎనిమిది పద్దుల్లో ఒకటి మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం! మెదడును చదివే చోటికి అంబేడ్కర్ రాజ్యాంగ సూత్రం అక్కరలేదన్నమాట. ఇక పోస్ట్‌డాక్ స్థానాలు చాలావరకు ప్రాజెక్టు కొలువులు. రెండు మూడేళ్ల గడువు, మార్గదర్శకుడి ఇంటర్వ్యూ, సిఫారసు లేఖలు. ఇక్కడ నెగ్గేది పరిచయాల పెట్టుబడి. తట్టా చెమ్మస్ పట్టిన తరం నుంచి వచ్చిన దళిత, వెనుకబడిన కులాల పిల్లలకు లేనిది అదే. పీహెచ్‌డీ ముగిసే సరికి ముప్పై దాటిన బిడ్డను, గడువుతీరే ఫెలోషిప్పుల మధ్య ఖాళీ నెలల్లో ఏ రిటైర్డ్ కార్మికుడు పోషించగలడు?

ఇది కేవలం ఉద్యోగాల తగువు కాదు. దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి మతిమరుపు వ్యాధి ఉందని 2023లో ప్రచురితమైన జాతీయ అధ్యయనం అంచనా. చదువు లేనివారిలో, మహిళల్లో, గ్రామాల్లో ఆ భారం ఎక్కువ. బడికి దూరం చేసింది ఎవరినో, ఎందుకో తెలిసిన పరిశోధకుడు దత్తాంశాన్ని అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. జన్యుమార్పుల పట్టికలో చదువు, బొగ్గు ధూళి, రాత్రి షిఫ్టు అనే కాలమ్‌లు కూడా ఉండాలని అడిగేది అతడే, ఆమే.

బయోఇన్ఫర్మాటిక్స్‌కు ఖరీదైన రసాయన ప్రయోగశాల అక్కరలేదు. సర్వరు, గణితం, నికరమైన ఫెలోషిప్పు ఉంటే కాకతీయ విశ్వవిద్యాలయంలోనూ సాగే పని ఇది. సింగరేణిలో 51 శాతం వాటా ఉన్న రాష్ట్ర ప్రభుత్వం కార్మికుల పిల్లలకు అలాంటి పరిశోధన వేతనాలు ఇప్పించవచ్చు. కేంద్రం చేయవలసింది అంతకన్నా సులువు. 2019 చట్టం షెడ్యూలు నుంచి మానేసర్ సంస్థను తొలగించడానికి కొత్త బిల్లు అవసరం లేదు. అదే నాలుగో సెక్షను ప్రకారం గెజిట్‌లో ఒక్క నోటిఫికేషన్ చాలు.