ఢిల్లీలో కొండమాట చెప్పిన పాదిరిగారు

అనంతగిరి మండలంలో ఒక చిన్న గ్రామం. ఆదివారపు ఆరాధన ముగిసింది. సంఘమంతా చెట్టుకింద కూర్చుని చోడి అంబలి తాగుతున్న వేళ, తల నెరిసిన పెద్ద ఒకాయన మమ్మల్ని ఒక మాట అడిగాడు. "అయ్యగారూ, ఓట్ల నాయకులు మా కొండకొస్తారు, పోతారు. వాక్యం చెప్పే అయ్యగార్లూ వస్తారు. మరి చట్టాలు చేసే చోట కొండవాళ్ల సంగతి మాట్లాడిన అయ్యగారు ఒక్కడైనా ఉన్నాడా?"

మేము అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాము. సాయంత్రం బొర్రా గుహలు స్టేషనులో రైలెక్కి, సొరంగం వెనుక సొరంగం దాటి దిగి వస్తుంటే ఆ ప్రశ్న మాతోపాటే వచ్చింది. ఇంటికి వచ్చాక పాత పుస్తకాలు, రాజ్యాంగ సభ చర్చల సంపుటాలు తిరగవేశాము. ప్రియ పాఠకులారా, ఆ పెద్దాయనకు మేము బాకీపడ్డ జవాబు ఇది.

ఉన్నారు. కాని ఆయనది మన కొండ కాదు. రెవరెండ్ జేమ్స్ జాయ్ మోహన్ నికల్స్ రాయ్ గారు 1884లో ఖాసీ కొండల్లోని షెల్లా గ్రామంలో పుట్టారు. ఆ ప్రాంతం ఇప్పుడు మేఘాలయ రాష్ట్రంలో ఉంది. ఆయన చర్చ్ ఆఫ్ గాడ్ సంఘములో అభిషేకం పొందిన బోధకుడు. వాక్యపరిచర్య చేస్తూనే 1920లలో అస్సాం శాసనమండలికి వెళ్లారు, మంత్రిగా కూడా పనిచేశారు. స్వాతంత్ర్యం దగ్గరపడి రాజ్యాంగ సభ ఏర్పడినప్పుడు అందులో సభ్యులయ్యారు. ఈశాన్యపు కొండజాతుల పాలన ఎలా ఉండాలో తేల్చడానికి గోపీనాథ్ బర్దోలాయ్ గారి అధ్యక్షతన ఒక ఉపసంఘం వేస్తే, అందులోనూ ఈ పాదిరిగారు ఉన్నారు. ఆ ఉపసంఘం కొండజిల్లాలు తిరిగి, అక్కడివారి మాట విని, 1947 జూలైలో నివేదిక ఇచ్చింది. మన రాజ్యాంగంలోని ఆరవ షెడ్యూలుకు పునాది ఆ నివేదికే. అది ఒక్క మనిషి పని కాదు గాని, ఆయన చెయ్యి అందులో బలంగా ఉందని చరిత్ర చదివిన వారందరూ ఒప్పుకుంటారు.

1949 సెప్టెంబరు మొదటి వారంలో ఆ షెడ్యూలు సభలో చర్చకు వచ్చింది. కొండవారు తమ జిల్లామండలిని తామే ఎన్నుకుంటారు. నేల, పోడు, రిజర్వు కాని అడవి, పెళ్లి, వారసత్వం వంటి విషయాల్లో ఆ మండలి గవర్నరు ఆమోదంతో చట్టాలు చేసుకుంటుంది. గ్రామ న్యాయస్థానాలు పెట్టుకుంటుంది, కొన్ని పన్నులు వేసుకుంటుంది. ఇది కొందరు సభ్యులకు రుచించలేదు. కొండకూ మైదానానికీ మధ్య గోడ కడుతున్నారన్నారు, దేశం ముక్కలవుతుందన్నారు. కొండవారి సంస్కృతిని మైదానపు సంస్కృతిలో కలిపేసుకోవాలన్న ధోరణి కూడా సభలో వినిపించింది.

దానికి నికల్స్ రాయ్ గారు లేచి ఇచ్చిన సమాధానం చదువుతుంటే మాకు పెదవులమీద చిరునవ్వు, కంట నీరు రెండూ వచ్చాయి. మా కొండల్లో ఎక్కువ తక్కువ తేడాలు లేవు, మా రాజు కూడా కూలివాడితో కలిసి పొలంలో పనిచేస్తాడు, కలిసి కూర్చుని తింటాడు, ఆ సమానత్వం మీ మైదానంలో ఉన్నదా అన్న భావంతో ఆయన అడిగారు. బలవంతాన కలుపుకుంటే ఐక్యత రాదు, వారి మనసుకు తృప్తి కలిగిస్తే వారే దేశానికి దగ్గరవుతారని వాదించారు. షెడ్యూలు ఆమోదం పొందింది.

ఒక్క విషయం గమనించండి. ఆ చర్చలో ఆయన తన సంఘానికి స్థలం అడగలేదు, పాదిరిగార్లకు హక్కులు అడగలేదు. ఊరి పంచాయితీ ఎలా తీర్పు చెబుతుంది, ఎవరు ఎవరితో కూర్చుని తింటారు అన్నది మాట్లాడారు. ఆ సంగతులు కాలినడకన ఊరూరూ తిరిగిన మనిషికే తెలుస్తాయి. దైవసేవకుడు చట్టసభకు తీసుకువెళ్లగలిగిన సరుకు ఇదేనని మాకు తోచింది.

ఖాసీ, మిజో కొండలు ఆరవ షెడ్యూలులోకి వెళ్లాయి. మరి మన కొండలో? ఆంగ్లేయుల కాలంలో 1935 చట్టం కింద విశాఖ, తూర్పు గోదావరి ఏజెన్సీలు 'పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు'. అటువంటి వాటికి అయిదవ షెడ్యూలు వచ్చింది. అదీ అదే వారంలోనే చర్చకు వచ్చింది. అక్కడ ఆదివాసుల తరఫున నిలబడినవాడు జైపాల్ సింగ్ ముండా. రాంచీలో మిషను బడిలో చదివి, ఆక్స్‌ఫర్డు వెళ్లి, 1928 ఒలింపిక్సులో భారత హాకీ జట్టుకు నాయకుడైన మనిషి. ఆదివాసులకు ప్రజాస్వామ్యం మీరు నేర్పనక్కరలేదు, వారి దగ్గరే నేర్చుకోవాలని 1946లోనే సభకు చెప్పినవాడు. గిరిజన సలహా మండలికి మొదట ముసాయిదాలో ఉన్న బలాన్ని తీసేసి దానిని నిర్వీర్యం చేశారని ఆయన ఆక్షేపించాడు. అయినా షెడ్యూలు అలాగే నిలిచింది. ఖాసీ కొండకు చట్టం చేసే మండలి దక్కింది, మన కొండకు సలహా చెప్పే మండలి దక్కింది. అధికారం గవర్నరు చేతిలో ఉండిపోయింది.

అయిదవ షెడ్యూలు వట్టిదని మేము అనము. 'వన్ ఆఫ్ సెవెంటీ' అని మన సంతల్లో చిన్నపిల్లలు కూడా అనే భూబదలాయింపు నిబంధన ఆ షెడ్యూలు బిడ్డే. 1959లో గవర్నరు చేసిన నిబంధనను 1970లో గట్టిపరచారు. దాని బలంతోనే బొర్రా పరిసర గ్రామాల్లో ఇచ్చిన గనుల లీజులమీద సమత సంస్థ న్యాయస్థానానికి వెళ్లింది. హైకోర్టు 1995లో కొట్టివేస్తే, సుప్రీంకోర్టు 1997 జూలై 11న ఆదివాసుల పక్షాన తీర్పు చెప్పింది. ఏజెన్సీలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వడం చెల్లదన్నది. నాబోతు తోట కథను ఆదివారపు బడిలో ఎన్నోసార్లు చెప్పాము. ఈసారి రాజుకు కూడా ఆ తోట ఇవ్వడానికి వీల్లేదని తీర్పు వచ్చింది.

కాని గవర్నరు చేతి బలం ఎంతవరకో 2020లో తెలిసింది. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో ఇచ్చిన జీవో 3ను సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2020 ఏప్రిల్ 22న కొట్టివేసింది. నూటికి నూరు రిజర్వేషను రాజ్యాంగానికి విరుద్ధమని, గవర్నరు అధికారం అంతదూరం పోదని చెప్పింది. చట్టం చదివినవారు ఆ తీర్పును సమర్థించవచ్చు, విమర్శించవచ్చు. మాకు మాత్రం బి.ఇడి. చదివి ఎదురుచూస్తున్న కొండపిల్లలు కళ్లముందు మెదిలారు. కువి తప్ప మరో మాట రాని ఒకటో తరగతి బిడ్డలకు వీళ్లకంటె బాగా ఎవరు అక్షరాలు దిద్దిస్తారు?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాము. 1996 డిసెంబరులో పార్లమెంటు పెసా చట్టం చేసింది, అంటే షెడ్యూలు ప్రాంతాలకు పంచాయతీరాజ్యాన్ని విస్తరించే చట్టం. భూసేకరణకు ముందు సంప్రదింపు, చిన్న గనులకు సిఫారసు, అటవీ ఫలసాయం, సంత, వడ్డీ వ్యాపారం వంటి విషయాల్లో గ్రామసభకూ పంచాయతీలకూ అది మాట ఇచ్చింది. ఆ చట్టం నాలుగవ సెక్షనులో 'ఓ' అనే చిన్న ఉపభాగం ఉంది. అయిదవ షెడ్యూలు ప్రాంతాల్లో జిల్లాస్థాయి పంచాయతీలను రూపొందించేటప్పుడు రాష్ట్ర శాసనసభ ఆరవ షెడ్యూలు నమూనాను అనుసరించడానికి ప్రయత్నించాలని దాని సారం. చదివి ఆగిపోయాము. ఖాసీ పాదిరిగారు 1949లో పోరాడి నిలబెట్టిన నమూనా నలభై ఏడేళ్ల తరువాత మన అరకు గుమ్మం దాకా వచ్చింది! 1998లో మన రాష్ట్రం పెసాకు అనుగుణంగా చట్టం సవరించింది, 2011లో నిబంధనలు వచ్చాయి, 2022లో పాడేరు కేంద్రంగా జిల్లా కూడా వచ్చింది. ఆరవ షెడ్యూలు వంటి జిల్లామండలి మాత్రం రాలేదు.

అయితే పాస్టర్లందరూ రాజకీయాల్లోకి దిగాలా అని అడిగే పాఠకులున్నారు. మా అభిప్రాయం, వద్దు. ఇంగ్లండులో 26 మంది బిషప్పులకు ప్రభువుల సభలో పదవిరీత్యా పీఠాలున్నాయి. మన దేశంలో ఏ మతగురువుకూ అటువంటి పీఠం లేదు, లేకపోవడమే మంచిది. దోర్నకల్ బిషప్ అజరయ్యగారు క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలే వద్దన్నారు. మద్రాసు నుండి రాజ్యాంగ సభకు వెళ్లిన కతోలిక గురువు ఫాదర్ జెరోమ్ డిసౌజా కూడా 1949లో మతం పేరిట సీట్లు వదులుకోవడాన్ని సమర్థించారు. మతం పేరుతో ఓటడగడం ఎన్నికల చట్టం ప్రకారం అవినీతి నడత. ఆరాధనస్థలాల్ని రాజకీయాలకు వాడరాదని 1988లో మరో చట్టం వచ్చింది. ప్రసంగవేదికమీద నుండి ఫలానా గుర్తుకు వేయండి అనే పాస్టరుగారు సంఘానికీ మేలు చేయరు, దేశానికీ చేయరు.

ఓటు అడగడం వేరు, చట్టం గురించి విన్నపం చేయడం వేరు. సంఖ్యాకాండము 27వ అధ్యాయంలో సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు ఏ పదవీ లేకుండానే ప్రత్యక్షగుడారపు ద్వారం దగ్గర మోషే ఎదుట, యాజకుని ఎదుట, ప్రధానుల ఎదుట నిలిచి భూమి అడిగారు. వారి మాట న్యాయమైనదని తేలి, వారసత్వపు కట్టడే మారింది. మన కాలంలోనూ అటువంటి ద్వారం ఉంది. పార్లమెంటు ఒక బిల్లును సంఘానికి పంపినప్పుడు, ఆ సంఘం పత్రికా ప్రకటన ఇచ్చి ప్రజల నుండి లిఖిత అభిప్రాయాలు కోరుతూ ఉంటుంది. ఇంగ్లీషులోనో హిందీలోనో రాసి పంపవచ్చు. అటవీహక్కుల బిల్లు 2005 డిసెంబరులో వచ్చినప్పుడు దానిని పరిశీలించిన సంయుక్త సంఘానికి అధ్యక్షుడు మన పార్వతీపురం ఎంపీ కిషోర్ చంద్రదేవ్. బిల్లులో మొదట గడువు తేదీ 1980 అక్టోబరు 25. అంటే ఆ తరువాత పోడు కొట్టుకున్నవారికి ఏమీ లేదు. సంఘం మాటలు విన్నాక, 2006లో చట్టమయ్యేసరికి ఆ తేదీ 2005 డిసెంబరు 13 అయింది, రెండున్నర హెక్టార్ల పరిమితి నాలుగయింది. పట్టా పుచ్చుకున్న మన విశ్వాసుల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

మరల ఆ గ్రామానికి వెళ్లినప్పుడు ఇదంతా చెప్పాము. పెద్దాయన నికల్స్ రాయ్ గారి పేరు రెండుసార్లు పలికించుకుని నోటికి పట్టుకున్నాడు. జీవో 3 రద్దయినప్పటి నుండి పోస్టుకోసం ఎదురుచూస్తున్న ఒక చెల్లెలు కీర్తనల పుస్తకం చివరి అట్టమీద పెసా, నాలుగు, 'ఓ' అని రాసుకుంది.

"అమ్మా, ఆ కాగితం వచ్చి ఎన్నేళ్లయింది?" అని పెద్దాయన అడిగాడు.

"నేను పుట్టకముందు వచ్చింది తాతా" అన్నది ఆమె. తరువాత మా వైపు తిరిగి, వచ్చే గ్రామసభ ఏ తేదీనో కనుక్కుని చెప్పగలరా అని అడిగింది.