యంత్రముల మున్షీ ఎవరి కొలువువాడు?

హైదరాబాదు సుల్తాన్ బజారుకు పూర్వము రెసిడెన్సీ బజారని పేరు. ఆంగ్ల రెసిడెంటుకును నిజాము దర్బారుకును నడుమ పారశీకమున లేఖలు నడచిన ఆ దినములలో మున్షీ లేనిదే పని సాగెడిది కాదు. కంప్యూటరులో ‘డ్రైవరు’ చేయునది మున్షీ పనియే. వైఫై కార్డు భాష వేరు, కంప్యూటరును నడపు ‘కెర్నెలు’ భాష వేరు. రెంటికిని నడుమనుండి అర్థము చెప్పునది డ్రైవరు.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ కెర్నెలు అందరును చదివి దిద్దదగిన రచన. బయటి ప్రోగ్రాములతో దాని ఒప్పందము స్థిరము. లోపలి మాటతీరు మాత్రము మారుచుండును. దానిని కూడ స్థిరపరచినచో తమ డ్రైవరును రహస్యముగా ఉంచుకొందుమని కొన్ని కంపెనీల కోరిక. గ్రెగ్ క్రో-హార్ట్‌మన్ ప్రభృతులు అందుకు సమ్మతింపలేదు. తప్పును శాశ్వతము చేసినచో దిద్దుబాటుకు తావుండదనియు, డ్రైవరు మూలప్రతిని కెర్నెలులో చేర్చినచో మార్పు చేసినవారే దానిని సవరింతురనియు వారి వాదము.

2012లో టోర్వాల్డ్స్ ఎన్‌విడియా సంస్థను సభలోనే పరుషముగా నిందించెను. 2022లో ఆ సంస్థయే తన డ్రైవరులో కెర్నెలునందు నడచు భాగపు మూలప్రతిని ప్రకటించినది.

మూలప్రతిని చేర్చుట సులభము కాదు. పరీక్ష కఠినము, కాలము దీర్ఘము. కంపెనీల బాధ అదియే. అయినను కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న పాత పరికరమును తలచుకొనుడు. కంపెనీ దానిని మరచిననాడు రహస్యపు మున్షీ మూగవోవును. మూలప్రతి దొరకినచో, ఓపికగల విద్యార్థి దానికి మరల మాట నేర్పవచ్చును.