ఇంట్లో ఆ చప్పుడు ఎక్కణ్నుంచి?

రాత్రి పదకొండు దాటాక టీవీలు ఆగిపోతాయి. వీధిలో బండ్ల రొద సద్దుమణుగుతుంది. సరిగ్గా అప్పుడే పై అంతస్తులో ఎవరో గోలీలు దొర్లిస్తున్నట్టు చప్పుడు మొదలవుతుంది. అపార్ట్‌మెంట్లలో పైవాళ్లకూ కిందివాళ్లకూ మాటామాటా పెరగడానికి ఇదొక పాత కారణం. పైకి వెళ్లి చూస్తే ఆ ఇంట్లో పిల్లలే లేరనో, అసలు ఫ్లాట్‌కు తాళం వేసి ఉందనో తెలుస్తుంది. ఇక దయ్యం కథ మొదలవడానికి ఎంతోసేపు పట్టదు.

ప్రతిసారీ కాకపోయినా, చాలాసార్లు అసలు దోషి గోడలోని నీటి పైపు. పైపులో పారుతున్న నీటిని వాషింగ్ మెషీన్ వాల్వో, ఒక్క తిప్పుతో మూసుకునే కుళాయో హఠాత్తుగా ఆపేస్తే, ఆ నీటి వేగమంతా ఒత్తిడిగా మారుతుంది. ఆ ఒత్తిడి అలలా పైపులో అటూ ఇటూ పరుగులు తీస్తుంది. రష్యన్ శాస్త్రవేత్త నికొలాయ్ జుకోవ్‌స్కీ 1890లలో మాస్కో నీటి గొట్టాల మీద ప్రయోగాలు చేసి దీని లెక్క తేల్చాడు. ఇనుప పైపులో సెకనుకు ఒక మీటరు వేగంతో పోయే నీరు ఒక్కసారిగా ఆగితే, వాతావరణ పీడనానికి సుమారు 12 రెట్ల ఒత్తిడి అదనంగా పుడుతుంది. ప్లాస్టిక్ పైపు గోడలు కొంచెం సాగుతాయి కాబట్టి అందులో ఇది తక్కువ. క్లాంపు వదులైన చోట పైపు గోడకు కొట్టుకుంటుంది. ఒక్కో దెబ్బా ముందుదానికన్నా మెత్తగా, టక్ టక్‌మని తగ్గిపోతూ వినిపిస్తుంది.

మరి పైనుంచే ఎందుకు వినిపిస్తుంది? గాలిలో ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు. కాంక్రీటులో 3,000 మీటర్ల పైమాటే. స్తంభాలూ శ్లాబూ ఒకే ముద్దగా ఉండే భవనంలో ఎక్కడో తగిలిన దెబ్బ అంతటా పాకుతుంది. నెత్తిమీది శ్లాబు పెద్ద స్పీకర్ పొరలా కంపించి ఆ చప్పుడును గదిలోకి వదులుతుంది. రెండు అంతస్తుల కింద మూసిన కుళాయికి పైవాళ్లు మాట పడుతుండవచ్చు.

చెవులకూ కొన్ని పరిమితులున్నాయి. పక్కనుంచి వచ్చే శబ్దం ఒక చెవిని ముందు, రెండో చెవిని తర్వాత చేరుతుంది. ఆ తేడా ఎంత ఎక్కువైనా సుమారు 0.7 మిల్లీసెకన్లే. మంద్ర శబ్దాల దిక్కును మెదడు ఈ తేడాతోనే పసిగడుతుంది. కీచు శబ్దాలకు తల అడ్డుపడి ఒక చెవికి తక్కువగా వినిపించడం ఆధారం. చిక్కంతా మధ్యలో ఉన్నవాటితోనే. 1930లలో హార్వర్డ్‌లో స్టీవెన్స్, న్యూమన్ అనే ఇద్దరు పరిశోధకులు, ప్రతిధ్వనులు అడ్డు రాకుండా మనిషిని భవనం పైకప్పు మీద ఎత్తుగా కూర్చోబెట్టి పరీక్షించారు. దిక్కు చెప్పడంలో తప్పులు 3,000 హెర్ట్జ్‌ల దగ్గర అత్యధికంగా వచ్చాయి. బ్యాటరీ అయిపోయిన పొగ అలారం, యూపీఎస్ వంటివి చేసే ‘కీక్’ తరచూ ఆ చుట్టుపక్కలే ఉంటుంది. పైగా అది క్షణంలో ముగుస్తుంది, తల తిప్పి పోల్చుకునే వ్యవధి ఇవ్వదు. ఇల్లంతా తిరగడంకన్నా ఒక గదిలో కదలకుండా నిలబడి తర్వాతి కీక్ కోసం కాచుకోవడం, ఆపై గది మార్చడం మేలు.

ఆగకుండా వచ్చే ‘గుయ్’మనే మోతది వేరే దారి. మన కరెంటు 50 హెర్ట్జ్‌లది. ట్రాన్స్‌ఫార్మర్‌లోని ఉక్కు రేకులు ప్రతి ఆవృత్తికీ రెండుసార్లు అతి స్వల్పంగా సాగి ముడుచుకుంటాయి కాబట్టి మోత 100 హెర్ట్జ్‌ల దగ్గర ఉంటుంది. దాని తరంగదైర్ఘ్యం 3.4 మీటర్లు, అంటే దాదాపు ఒక గది కొలత. అందువల్ల గోడల మధ్య అలలు కలిసి మూలల్లో గట్టిగా, నడిమధ్య పలచగా వినిపించవచ్చు. గట్టిగా వినిపించిన చోటే మూలం ఉందనుకుంటే పొరపాటే. మెయిన్ స్విచ్ ఆపి చూడాలి. ఇన్వర్టర్‌నూ ఆపాలి, చాలామంది మరిచేది అదే. మోత ఆగితే కారణం ఇంట్లోనే ఉన్నట్టు. అప్పుడు సర్క్యూట్లను ఒక్కొక్కటిగా కలుపుతూ పోతే దొరుకుతుంది. కరెంటు పోయినప్పుడే ఫ్యాను మూలిగితే, తిన్నని సైన్ తరంగం ఇవ్వని ఇన్వర్టర్‌ను అనుమానించాలి.

వేళ కూడా ఆధారమే. పొద్దు వాలాక టప్‌మనే రేకుల ఇంట్లో ఆరు మీటర్ల ఉక్కు రేకు 30 డిగ్రీలు చల్లబడితే సుమారు 2 మిల్లీమీటర్లు కుదించుకుపోతుంది. స్క్రూల దగ్గర పట్టుకుని, ఒక్కసారిగా జారినప్పుడు చప్పుడవుతుంది. గీజర్ వేశాక గోడలో వినిపించే టిక్‌టిక్‌లదీ ఇదే కథ, అక్కడ పైపు సాగుతుంది. నాలుగు రోజులు చప్పుడు వేళలు కాగితం మీద రాస్తే సగం పని అయినట్టే.

కొన్నిటి విషయంలో మాత్రం ఇంత తీరిక పనికిరాదు. స్విచ్ బోర్డులో చిటపటలు వినిపిస్తే లోపల తీగ వదులై నిప్పురవ్వలు లేస్తుండవచ్చు. మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. గ్యాస్ సిలిండర్ దగ్గర సుయ్యిమంటే ఏ స్విచ్చూ వేయకూడదు, ఆపకూడదు. రెగ్యులేటర్ మూసి, కిటికీలు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయాలి. కుళాయిలన్నీ కట్టేసినా గోడలో సన్నని హోరు ఆగకపోతే, రాత్రి ట్యాంకులో నీటిమట్టం గుర్తుపెట్టి తెల్లారి చూస్తే లీకేజీ సంగతి తేలిపోతుంది.

మెయిన్ ఆపినా, ఊరు మారినా వెంట వచ్చే మోత ఇంటిది కాదు, చెవిది. దాన్ని టినిటస్ అంటారు. చెవి డాక్టరుకు చూపించాలి. అది నాడితో పాటు కొట్టుకుంటున్నా, ఒక్క చెవిలోనే ఉన్నా ఆలస్యం చేయకూడదు.