పరుగుబాటకు మోటారుబండి: పాతది కొనుటయా, స్వయముగ నిర్మించుటయా?

మోటారుబండి మనుష్యులను ఒక యూరినుండి మఱొక యూరికి చేర్చు సాధనమని మనమందఱ మెఱుగుదుము. అయితే ఏ యూరికిని చేరుటకు గాక, బయలుదేరిన చోటికే మరల మరల వచ్చుటకై నడుపబడు బండ్లును గలవు. వీనికొఱకు ప్రత్యేకముగ నిర్మింపబడిన బాటలు గలవు. జర్మనీదేశమున 1927వ సంవత్సరమున తెఱవబడిన న్యూర్బుర్గ్‌రింగ్ అట్టిది. దాని ఉత్తరభాగపు చుట్టు ఒక్కటియే 20 కిలోమీటర్లకు పైబడి యుండును. మన ప్రాంతమునకు దగ్గరగా, చెన్నై నగరమునకు సమీపమున ఇరుంగాట్టుకోట్టై యొద్ద 1990లో ఏర్పడిన బాట సుమారు 3.7 కిలోమీటర్ల చుట్టు గలది. ఇట్టి బాటలమీద, ఎదురుగా వచ్చు బండిగాని పాదచారిగాని లేనిచోట, తన నేర్పును పరీక్షించుకొనుటకు ఉపయోగించు బండినే ట్రాక్ కారు అందురు.

ఇట్టి బండి కావలయునని కోరువానికి రెండు మార్గములు గలవు. ఇతరులు తయారుచేసి వాడిన బండిని కొనుట యొకటి; సామగ్రి సేకరించి తానే తయారుచేసికొనుట రెండవది. వీనిలో ఏది మేలు? ఈ ప్రశ్న ధనమునకు మాత్రమే సంబంధించినది కాదు. నడుపువాని ప్రాణమునకును సంబంధించినది. కావున నెమ్మదిగా విచారింతము.

మొదట, పరుగుబాట బండిని ఏమి కోరునో తెలిసికొనవలయును. భౌతికశాస్త్రము చదువు విద్యార్థులకు చలనశక్తి సూత్రము తెలియును. శక్తి వేగముయొక్క వర్గము ననుసరించి పెరుగును. వేయి కిలోల బండి గంటకు 72 కిలోమీటర్ల వేగమున, అనగా సెకనుకు 20 మీటర్ల చొప్పున పోవునపుడు దానియందు 2 లక్షల జౌళ్ల శక్తి యుండును. వేగము రెట్టింపై గంటకు 144 కిలోమీటర్లైనయెడల శక్తి రెట్టింపు గాక నాలుగింతలై, 8 లక్షల జౌళ్లగును. బండిని నిలుపుటకు బ్రేకులు ఈ శక్తినంతయు వేడిగా మార్చవలయును. ఆ వేడి 2.4 కిలోల చల్లని నీటిని మరుగుదశకు తెచ్చుటకు దాదాపు సరిపోవును. వీథిలో ఇట్టి బ్రేకు ఎప్పుడో యొకసారి పడును. పరుగుబాటమీద ప్రతి చుట్టునకును పలుమారులు పడును.

బ్రేకు గొట్టములలోని ద్రవము గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. డాట్ 4 అను తరగతి ద్రవము క్రొత్తదైనపుడు కనీసము 230 డిగ్రీలవఱకు మరుగక నిలువవలయునని నియమము. తేమ పీల్చిన పిమ్మట ఆ మితి 155 డిగ్రీలకు దిగిపోవును. ద్రవము మరిగి ఆవిరియైనచో, ఆవిరి నొక్కుడుకు లొంగును గనుక, పాదము క్రింది పెడలు నేలకు దిగును గాని బండి నిలువదు. ఇంజనులోని నూనెయు నట్టిదే. మలుపునందు నూనె యంతయు ఒకవైపునకు ఒరిగి, దానిని పీల్చు గొట్టమునకు అందకపోయినచో, కొలది క్షణములలోనే బేరింగులు చెడిపోవును. కావున వీథిలో నిర్దోషముగ నడచు బండి పరుగుబాటకు చాలునని తలంపరాదు.

ఈ రెండు మార్గములకును చరిత్రలో చక్కని దృష్టాంతములు గలవు. ఆశ్చర్యమేమనగా, రెండును ఒకే జాతి బండినుండి పుట్టినవి. ఇంగ్లండున 1922 మొదలు 1939వఱకు ఆస్టిన్ సెవెన్ అను చిన్నబండి తయారగుచుండెను. కాలిన్ చాప్మన్ అను లండను విద్యార్థి 1948లో ఒక పాత ఆస్టిన్ సెవెన్‌ను విప్పి, దానిమీద చెక్కతోను అల్యూమినియపు రేకుతోను క్రొత్త దేహమును నిర్మించి, బురదదారుల పోటీలలో నడిపెను. అదియే లోటస్ అను పేరుగల మొదటి బండి. ఆక్లండు నగరమున బ్రూస్ మెక్‌లారెన్ అను బాలుని తండ్రి మోటారుబండ్లను బాగుచేయు వృత్తిలో నుండెను. ఆయన ఆస్టిన్ సెవెన్ జాతికే చెందిన అల్‌స్టర్ అను పాతబండిని కొనెను. తండ్రికొడుకులు దానిని బాగుచేసిరి. ఆ బండితోనే 1952లో బ్రూస్ మొదటి పోటీలో పాల్గొనెను. ఒకడు నిర్మించినవాడు, మఱొకడు కొన్నదానిని బాగుచేసికొన్నవాడు. ఇరువురును జగత్ప్రసిద్ధములైన పోటీసంస్థలను స్థాపించిరి. కావున ఒక మార్గము ఘనమనియు, రెండవది హీనమనియు ననరాదు.

ఇక పాతబండిని కొనుటలోని లాభములను చూతము. మొదటిది వెల. ఉదాహరణమునకు ఒక లెక్క నూహింతము. ఒకడు 3 లక్షల రూపాయలకు బండి కొని, లక్ష వెచ్చించి రోల్ కేజ్ అను ఇనుపగొట్టముల పంజరమును బిగించి, 80 వేలు ఆసనమునకును నడుముపట్టీలకును, 1 లక్ష 20 వేలు స్ప్రింగులకును బ్రేకులకును పెట్టెననుకొందము. మొత్తము 6 లక్షలు. అమ్మబోవునపుడు అతని సాయంకాలముల శ్రమకు వెల కట్టువాడుండడు. పరుగుబాట బండిని కోరువారు కొలదిమంది గనుక సామగ్రికి సైతము పూర్తివెల రాదు. మూడున్నర లక్షలకు అమ్ముడుపోయినచో, కొన్నవానికి రెండున్నర లక్షలు మిగిలినట్లే. రెండవ లాభము కాలము. కొన్నవాడు వచ్చు నెలలోనే బాటమీద నేర్చుకొనవచ్చును. మూడవది, నడిచిన బండియొక్క చిన్న చిన్న లోపములు చాలవఱకు బయటపడి సవరింపబడియుండును.

అయితే ఎద్దును కొనువాడు పండ్లు చూచును, నడిపించి చూచును, కాడికి కట్టి చూచును. అమ్మువాని మాటను బట్టి డబ్బు లెక్కపెట్టడు. బండి విషయమునను అట్లే చేయవలయును. ప్రతి సిలిండరునందును ఒత్తిడిని కొలిపించవలయును. అన్నియు సమముగనుండి ఒకటి తగ్గినచో వాల్వులోనో రింగులలోనో దోషము గలదు. నూనె పాలవలె తెల్లబడియున్నచో దానిలో నీరు కలిసినదని యెఱుగవలయును. పొగ నీలముగ వచ్చినచో ఇంజను నూనెను కాల్చుచున్నది. బండిని పైకెత్తించి అడుగుభాగమున ముడుతలుపడిన రేకును, క్రొత్తరంగు క్రింద దాగిన అతుకులను వెదకవలయును. పెద్ద దెబ్బతిని వంగిన చాసిస్‌ను ఎంత రంగు వేసినను చక్కబఱచినట్లు కాదు. నడుముపట్టీలమీద అవి ఏ సంవత్సరమువఱకు పనికివచ్చునో ముద్రింపబడియుండును. ఎండకును కాలమునకును ఆ నేతలోని బలము తగ్గును గనుక, గడువు దాటినవానిని క్రొత్తవిగానే భావించి ధరించుట ప్రమాదకరము. పంజరము పూర్వపు యజమానుని శరీరమునకు తగినది. నీ తల శిరస్త్రాణముతో సహా దానికి తగులకుండునా యని కూర్చుండి చూడవలయును. అన్నిటికంటె ముఖ్యముగా, ఎప్పుడు ఏమి మార్చిరో వ్రాసిన పుస్తకము గలదా యని యడుగవలయును. పుస్తకమున్న బండికి కొంత యెక్కువ వెల పెట్టినను నష్టము లేదు.

నిర్మాణమును గూర్చి మన పెద్దలు ఒక్క సామెతతోనే చెప్పిరి: ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు. బండికిని ఈ మాట చక్కగా వర్తించును. ఇంజను వెల, టైర్ల వెల అందఱును లెక్కించుకొందురు. బోల్టులు, గొట్టములు, తీగెలు, పనిముట్లు, పనిచేయుటకు కప్పుగల చోటు, ఒకసారి తప్పుగా కోసిన రేకు, వీనిని లెక్కలో చేర్చువారు అరుదు. సగములో ఆగిపోయిన బండిని అమ్మబోయినచో విడిభాగముల వెలయైనను రాదు. వీనికంటె గొప్ప భయము మఱొకటి గలదు. వెల్డింగు పైకి నున్నగా కనబడినను లోపల పట్టియుండకపోవచ్చును. కన్ను దానిని చూడలేదు. ప్రమాదమే దానిని చూపును. కావున పంజరమును, పట్టీలను బిగించు స్థానములను, స్టీరింగును అభ్యాసకుని చేతికి విడువక, అనుభవముగల పనివానిచే చేయించి, మఱొకనిచే పరీక్ష చేయించవలయును. ప్రవీణులకు సైతము ప్రమాదము తప్పలేదు. 1970లో గుడ్‌వుడ్ బాటమీద తన సంస్థ తయారుచేసిన బండినే పరీక్షించుచుండగా, వెనుకటి దేహభాగము ఊడిపోవుటచేత బ్రూస్ మెక్‌లారెన్ మరణించెను.

ఇన్ని కష్టములున్నను నిర్మించువారు లేకపోలేదు. లోటస్ సంస్థ 1957లో వెలువరించిన సెవెన్ అను తేలికబండిని విడిభాగములుగా కూడ అమ్మెను. కొన్నవాడే బిగించుకొనినచో ఆనాటి ఇంగ్లండున కొనుగోలుపన్ను తప్పెడిది. 1973లో దాని నిర్మాణాధికారము కేటర్‌హామ్ సంస్థకు సంక్రమించెను. ఔండిల్ పాఠశాలలో ఉపాధ్యాయుడగు రాన్ చాంపియన్ 1996లో ప్రకటించిన గ్రంథము ఆ రూపపు బండినే చతురస్రపు ఇనుపగొట్టములతోను, పాత ఫోర్డు ఎస్కార్టు భాగములతోను 250 పౌనులకే కట్టుకొనవచ్చునని చెప్పెను. అంత స్వల్పవ్యయమున ముగించుట అందఱకు సాధ్యము కాదు. గాని ఆ గ్రంథము చదివి పనిముట్లు చేపట్టినవారు అనేకులు. అమెరికాలో 1981లో టెక్సాస్ విశ్వవిద్యాలయమున ఆరంభమైన ఫార్ములా ఎస్.ఏ.ఈ. పోటీ కేవలము విద్యార్థులు నిర్మించిన బండ్లకే ఏర్పడినది. మనదేశపు ఇంజనీరింగు కళాశాలలవారును ఇట్టి పోటీలలో పాల్గొనుచున్నారు. నిర్మించినవాడు ప్రతి మరయును ఎఱుగును. వింతధ్వని వినబడినచో అది ఎచ్చటిదో అతనికి తెలియును. ఈ జ్ఞానము డబ్బుకు లభించునది కాదు.

రెండు మార్గములవారును మఱచు వ్యయ మొకటి గలదు. బండి చేతికి వచ్చుటతో ఖర్చు ముగియదు, అప్పుడే ఆరంభమగును. టైర్లు, బ్రేకుకట్టలు, ద్రవములు, బాటయొక్క రుసుము, ఇంధనము ఎప్పటికప్పుడు కావలసినవి. మఱియు మనదేశమున 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను, తయారుచేసినవారు నిర్ణయించిన లక్షణములకు విరుద్ధముగ బండిని మార్చుటను నిషేధించుచున్నది. కావున ఇట్లు మార్చిన బండిని వీథిలో నడుపక, మఱొక వాహనముమీద బాటకు చేర్చవలయును. ఆ వ్యయమును కలుపుకొనవలయును. ఉన్న ధనమంతయు బండికే పెట్టినవాడు దానిని కొట్టములో నుంచి తుడుచుకొనుటయే గాని నడుపలేడు. తేలికయై, శక్తి తక్కువైన బండి ఈ వ్యయముల నన్నిటిని తగ్గించును. పైగా నడుపువాని తప్పును దాచక చూపును. మనదేశమున ఎస్. కరివర్ధన్ 1988 ప్రాంతమున మారుతి 800 ఇంజనుతో ఫార్ములా మారుతి బండ్లను నిర్మించుటలో గల తెలివి ఇదియే. విలువైన విదేశపు యంత్రము లేకయే యువకులు పందెములకు రాగలిగిరి.

ఇప్పుడు తీర్పు చెప్పవచ్చును. నడుపుట నేర్వగోరువాడు, పుస్తకమున్న తేలికపాటి పాతబండిని నిపుణునిచే పరీక్షింపించి కొనవలయును. కొన్న వెంటనే ద్రవములను, పట్టీలను మార్చవలయును. మిగిలిన ధనమును బాటమీది అభ్యాసమునకును, మంచి శిక్షకునికిని వినియోగింపవలయును. యంత్రమును నేర్వగోరువాడు నిర్మింపవలయును. అయితే వెల తగ్గునని గాని, త్వరగా ముగియునని గాని ఆశింపరాదు. రెంటిని కోరువాడు బ్రూస్ మెక్‌లారెన్ కుటుంబమువలె పాతది కొని, కొంచెము కొంచెముగ విప్పి బాగుచేసికొనుట మధ్యమమార్గము.

విద్యార్థులారా! మీలో ఎందఱు ఎన్నడైనను ఇట్టి బండి నెక్కుదురో చెప్పజాలము. గాని సైకిలైనను, కుట్టుమిషనైనను, నీళ్లమోటారైనను, ఇల్లైనను ఇదే ప్రశ్న మీ యెదుటికి వచ్చును. అప్పుడు మూడు మాటలు జ్ఞప్తియందుంచుకొనుడు: నాకు కావలసినది వస్తువా, విద్యయా? దాని వెలతోపాటు దాని పోషణను లెక్కించితినా? అది చెడినచో పోవునది డబ్బా, ప్రాణమా? మూడవదానికి ప్రాణమని ఉత్తరము వచ్చినచోట, పొదుపునకు గాని ఆతురతకు గాని తావీయకుడు.