వాల్వుకు తగిన లోడు

గోరంట్ల మండలం పాలసముద్రం దగ్గర భారత్ ఎలక్ట్రానిక్స్ (బీఈఎల్) సంస్థకు 900 ఎకరాలకు పైగా భూమి కేటాయించారు. బీఈఎల్ అంటే ఇప్పుడు రాడార్లు, క్షిపణి వ్యవస్థలే గుర్తొస్తాయి గానీ, 1954లో బెంగళూరులో పుట్టిన ఈ సంస్థ 1961 నుంచి రేడియో వాల్వులు కూడా చేసింది. ఈఎల్84 వాటిలో ఒకటి. బొటనవేలంత లావున్న గాజు గొట్టం, అడుగున తొమ్మిది పిన్నులు. పాటను స్పీకరుదాకా చేర్చే ఆఖరి బరువు దానిదే.

ఈ వాల్వు ప్లేటు మీద 250 వోల్టులు ఉంటాయి, పారే కరెంటు మాత్రం 48 మిల్లీ ఆంపియర్లే. స్పీకరు కాయిలుకు కావలసింది సరిగ్గా ఇందుకు ఎదురు: తక్కువ వోల్టులు, ఎక్కువ కరెంటు. ఈ ఇద్దరికీ పొత్తు కుదిర్చేది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. ప్లేటు వైపు 25 చుట్లకు స్పీకరు వైపు ఒక చుట్టు చొప్పున చుడితే, 8 ఓముల స్పీకరు వాల్వుకు 625 రెట్లుగా, అంటే 5000 ఓముల లోడుగా కనబడుతుంది.

5000 దగ్గరే ఎందుకు ఆగాలి? లోపలి నిరోధానికి సమానమైన లోడు పెడితే గరిష్ఠ శక్తి వస్తుందని పాఠ్యపుస్తకాల్లో చదువుకుంటాం. ఈఎల్84 లోపలి నిరోధం సుమారు 38,000 ఓములు. నిజంగానే అంత లోడు పెట్టి చూడండి: కరెంటు ఆరేడు మిల్లీ ఆంపియర్లు ఊగేసరికి 250 వోల్టులూ ఖర్చయిపోతాయి, గట్టి స్వరాల కొసలు తెగి గొంతు బొంగురుపోతుంది. 1000 ఓములు పెడితే కరెంటు ముందే అయిపోతుంది, వోల్టులు మిగిలిపోతాయి. కపిల బావి దగ్గర ఎద్దుల సత్తువను బట్టి బానను ఎంచుకున్నట్టే, ఇక్కడా రెండూ ఒకేసారి నిండుగా వాడుకునే లోడు వెతకాలి. 250ని 0.048తో భాగిస్తే దాదాపు 5200. తయారీదారుల పట్టికలో ఉన్నదీ అదే అంకె. ఆ లోడుకు 5.7 వాట్లు వస్తాయి.

ఈఎల్84 పెంటోడు రకం వాల్వు; ట్రయోడు రకం లెక్క వేరు. 2ఏ3 అనే ట్రయోడు లోపలి నిరోధం 800 ఓములే, దానికి చెప్పే లోడు 2500.

స్పీకరు వైపు నుంచి చూస్తే యాంప్లిఫయరు ఎంత నిరోధంగా కనబడుతుందన్నది మరో ప్రశ్న. అది ఎక్కువైతే దెబ్బ ఆగాక కూడా స్పీకరు కాగితం ఊగుతూనే ఉంటుంది, డోలు మోత ముద్దగా వినిపిస్తుంది. బెల్ ల్యాబ్స్ ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ 1927లో కనిపెట్టిన నెగటివ్ ఫీడ్‌బ్యాక్ దీనికి మందు. 1947లో విలియమ్సన్ అనే ఇంజనీరు ప్రకటించిన యాంప్లిఫయరులో 15 ఓముల స్పీకరుకు ఎదురుగా నిలిచిన నిరోధం అర ఓము మాత్రమే. అలాగని అర ఓము స్పీకరు తగిలించకూడదు. ఫీడ్‌బ్యాక్ స్పీకరుకు కనబడే ఆ నిరోధాన్ని, అంటే అవుట్‌పుట్ ఇంపీడెన్సును, దించుతుందే తప్ప, వాల్వుకు ఉన్న వోల్టులనూ కరెంటునూ పెంచలేదు. కాబట్టి తగిన లోడు మారదు. ఈ రెండు అంకెలనూ కలిపేసుకోవడం వల్లే అన్ని తికమకలూ.

లోడు అసలే లేకపోతే మరీ ప్రమాదం. జాతరలో మైకు సెట్టు మోగుతుండగా హారను తీగ తెగిందనుకోండి, ఈఎల్84 లాంటి పెంటోడు కరెంటును తోస్తూనే ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మరు ప్లేటు వైపు చుట్ల మీద వోల్టేజి అనేక రెట్లు ఎగబాకుతుంది, చుట్ల మధ్య ఇన్సులేషను చిట్లి నిప్పురవ్వలు లేస్తాయి. స్పీకరు తీగలు బిగించాకే స్విచ్చి వేయడం అందుకే.